ముసలి కవలల మీద చేసిన స్టడీ మనింటి పెద్దవాళ్ళకు వర్తిస్తుందా? చూసుకునే పద్ధతి

పోయిన నెల మా కాలేజీలో పనిచేసే ఒక అక్క మధ్యాహ్నం క్యారియర్ కూడా విప్పకుండా ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. ఫ్యామిలీ గ్రూపులో వచ్చిన మెసేజ్. "అల్జీమర్స్ 79 శాతం వంశపారంపర్యమే, స్వీడన్‌లో కవలల మీద పరిశోధన చేసి తేల్చారు" అని ఉంది. వాళ్ళమ్మకు మూడేళ్ళుగా ఆ జబ్బే. ప్రొద్దుటూరులో తమ్ముడి దగ్గర ఉంటుంది, పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. "అంటే నాకూ నూటికి 79 పాళ్ళు వచ్చేస్తుందనే కదా" అని అడిగింది, ఆ మాట అంటుంటేనే గొంతు పట్టేసింది. అదే గ్రూపులో వాళ్ళ బావ కింద రాసిన జవాబు చూశాను: "వాళ్ళు కవలలమ్మా, మనం కవలలమా ఏమన్నా? వదిలెయ్."

ఇద్దరి లెక్కా తప్పే, ఒకరిది ఒక వైపు, ఇంకొకరిది ఇంకో వైపు. నేను కడపలో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్తాను, ప్రాజెక్టుల కోసం పిల్లలు ఇలాంటి పేపర్లు తెస్తూనే ఉంటారు, కాబట్టి ఎక్కడ చూడాలో కొంచెం అలవాటైంది. ఆ రోజు అక్కకు చెప్పింది, ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని ఆలోచించింది కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి మెసేజ్ మీ ఇంటికి వచ్చినప్పుడు మీరే చూసుకోగలగాలి.

ముందు, ప్రశ్న ఏ రకమో కాగితం మీద రాయండి

ఇది చాలామంది దాటేస్తారు. "కవలలు మిగతా ముసలివాళ్ళకు ప్రతినిధులేనా" అని ఊరికే అడిగితే జవాబు రాదు, దేని విషయంలో అని కూడా అడగాలి.

స్టడీ చెప్పేది ఒక కొలత కావచ్చు, ఎనభై ఏళ్ళ వాళ్ళలో ఎంతమంది చేయి పట్టకుండా నడుస్తారు, ఎంతమందికి మతిమరుపు ఉంది అన్నట్టు. అలాంటప్పుడు ఎవరిని ఎంచుకున్నారన్నదే ప్రాణం, ఎంపిక తప్పితే అంకె తప్పుతుంది. లేదా మనుషుల మధ్య తేడా ఎందుకొస్తోంది, అందులో జీన్స్ వాటా ఎంత అని చెప్పొచ్చు, అక్కను భయపెట్టిన 79 ఆ రకం అంకె. అదీ కాకపోతే ఒకే జంటలో ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూసింది కావచ్చు. ఫిన్లాండ్‌లో అలాగే చేశారు, జంటలో ఒకరు సిగరెట్ తాగేవాళ్ళు, ఇంకొకరు తాగనివాళ్ళు, ఎవరు ముందు పోయారో ఏళ్ళ తరబడి చూశారు, ఎక్కువ జంటల్లో తాగినవాళ్ళే ముందు పోయారు. అచ్చు ఒకేలా ఉండే జంటలైతే జీన్స్ ఒకటే, పెరిగిన ఇల్లు ఒకటే, ముఖ్యమైన తేడా సిగరెట్టే కాబట్టి ఇలాంటి ఫలితానికి "కవలలు కదా" అన్న అభ్యంతరం పెద్దగా తగలదు. పొగాకు ఊపిరితిత్తులకు, గుండెకు చేసేది హెల్సింకీలోనైనా ఆళ్ళగడ్డలోనైనా అదే.

కాబట్టి మొదట ఈ మూడింట్లో ఏదో తేల్చుకోండి. మిగతా పరీక్ష ఎంత గట్టిగా చేయాలో దాన్ని బట్టే ఉంటుంది.

కవలలుగా పుట్టడమే లోపమా

బావగారి సందేహం ఇదే, అది న్యాయమైన సందేహమే. కవలలు మామూలుగా మూడు వారాలు ముందే పుడతారు, ఒక్కరిగా పుట్టిన బిడ్డ కంటే ముప్పావు కిలో నుంచి కిలో దాకా బరువు తక్కువ ఉంటారు. తక్కువ బరువుతో పుట్టినవాళ్ళకు పెద్దయ్యాక గుండె జబ్బు, షుగర్ ఎక్కువని ఇంగ్లండ్‌లో డేవిడ్ బార్కర్ అనే డాక్టరు గట్టిగా వాదించాడు, ఆ వాదనకు మన దేశంలో కూడా చాలా బలం ఉంది. మరి ఆ లెక్కన కవలలు ముసలితనంలో అందరికంటే ముందు పోవాలి కదా?

డెన్మార్క్‌లో అదే చూశారు. అక్కడ 1954లో కవలల రిజిస్ట్రీ, అంటే దేశంలోని కవలల పేర్ల పట్టిక మొదలుపెట్టి, చర్చిల్లో ఉన్న పాత పుట్టుకల పుస్తకాలు తిరగేసి 1870 నుంచి పుట్టిన కవలలను వెతికి పట్టుకున్నారు. 1870 నుంచి 1900 మధ్య పుట్టి ఆరేళ్ళు దాటిన 8,495 మంది కవలల చావులను దేశంలోని మిగతా జనం చావులతో పోల్చి 1995లో ప్రచురించారు. ఆరేళ్ళు దాటాక తేడా పెద్దగా లేదు. బలహీనంగా పుట్టినవాళ్ళు పసితనంలోనే పోయారు, ఆ గండం గట్టెక్కిన కవలలు మిగతా జనంలాగే బతికారు, మిగతా జనంలాగే పోయారు.

చిన్న చిన్న తేడాలు లేకపోలేదు. అదే డెన్మార్క్‌లో కవలల్లో ఆత్మహత్యలు మిగతావాళ్ళ కంటే తక్కువని 2003లో తేలింది. పుట్టినప్పటి నుంచి పక్కన ఒక తోడు ఉండటం మామూలు విషయం కాదు కదా. కాబట్టి స్టడీ ఒంటరితనం గురించో, మనసు బాధల గురించో అయితే కవలలు మిగతావాళ్ళ లాగే ఉంటారని అనుకోకండి. బీపీ, నడక, చేతి పట్టు, ఆయుష్షు లాంటివైతే, కవల అన్న ఒక్క కారణంతో పక్కన పెట్టకండి.

ఇక్కడి దాకా వచ్చాక చాలామంది ఆగిపోతారు. "కవలలూ మనలాంటివాళ్ళే, అయిపోయింది" అంటారు. అసలు చూడాల్సింది ఇప్పుడు మొదలవుతుంది.

ఏ తలుపులోంచి వచ్చారు

మా జేజి, అంటే నాన్నమ్మ, కవల. మా వైపు పెద్దవాళ్ళు అమడ పిల్లలు అంటారు. మైదుకూరు దగ్గర పల్లెలో పుట్టింది, ఏ సంవత్సరమో కచ్చితంగా తెలియదు, గంజి కేంద్రాలు పెట్టిన కరువు నాటికి తాను చేతిలో ముంత పట్టుకుని లైన్లో నిలబడే వయసని చెప్పేది, దాన్ని బట్టి 1940 చుట్టుపక్కల అని మేం లెక్కేసుకున్నాం. ఆమెతో పాటు పుట్టిన చెల్లెలు నెల తిరక్కుండానే పోయింది. పేరేంటి జేజీ అని ఒకసారి అడిగితే, "పేరు పెట్టేదాకా ఉంటే కదా నాయనా" అంది. జేజి మాత్రం ఎనభై దాటి బతికింది, చివరి ఏడాది కూడా సంగటి తెడ్డు ఇంకొకరి చేతికి ఇచ్చేది కాదు.

ఇప్పుడు చెప్పండి, ముసలి కవలల స్టడీలో మా జేజి ఉంటుందా? చాలా స్టడీల్లో ఉండదు. కవలల లెక్క జంటతో జరుగుతుంది, అచ్చు గుద్దినట్టుండే జంటలు ఒకరికొకరు ఎంత దగ్గరగా ఉన్నారు, వేరువేరు అండాల నుంచి పుట్టిన జంటలు ఎంత దగ్గరగా ఉన్నారు అని పోలుస్తారు, కాబట్టి ఇద్దరూ ఉండాలి. స్వీడన్‌లో ఆక్టో-ట్విన్ అనే స్టడీ అయితే 80 దాటిన జంటల్లో ఇద్దరూ బతికున్నవాళ్ళనే తీసుకుంది.

దీని బరువెంతో చిన్న లెక్కతో చూడండి, అంకెలు నేను లెక్క కోసం అనుకున్నవి. ఒక దేశంలో పుట్టినవాళ్ళలో సగం మంది 80 దాకా బతుకుతారనుకుందాం. వంద జంటలంటే 200 మంది, అందులో 100 మంది మిగులుతారు. ఒకరి బతుకుకు ఇంకొకరి బతుకుకు సంబంధం లేదనుకుంటే ఇద్దరూ మిగిలే జంటలు 25, అంటే 50 మంది. మిగతా 50 మంది తోడు పోయినవాళ్ళు. తలుపు దగ్గరే సగం మంది ఆగిపోయారు. ఇప్పుడు మా జేజి పుట్టిన కాలం తీసుకోండి, ఐదుగురిలో ఒకరే 80 చూస్తారనుకోండి. 200 మందిలో 40 మంది మిగులుతారు, ఇద్దరూ మిగిలిన జంటలు నాలుగే, అంటే 8 మంది. మిగతా 32 మంది మా జేజి లాంటివాళ్ళు, పదికి ఎనిమిది మంది తలుపు బయటే. నిజానికి తోబుట్టువుల ఆయుష్షులు కొంత కలిసి నడుస్తాయి కాబట్టి జంటలు ఇంకొంచెం ఎక్కువే మిగులుతాయి, కానీ లెక్క దిశ మారదు. చావులు ఎక్కువున్న తరంలో ఈ తలుపు ఇంకా ఇరుకవుతుంది.

బయట ఆగిపోయినవాళ్ళు లోపలికొచ్చినవాళ్ళ లాంటివాళ్ళే అయితే ఇబ్బంది లేదు. జేజి చెల్లెలు నెల లోపల పోయింది పురిట్లో పట్టిన జబ్బుతో కావచ్చు, దానికీ జేజి ముసలితనానికీ పెద్ద సంబంధం ఉండదు. కానీ జంటలో ఒకరు అరవై ఐదులో గుండె ఆగి పోతే, రెండో వాళ్ళ గుండె కూడా అంత గట్టిది కాకపోవచ్చు. అలాంటివాళ్ళను వదిలేస్తే లోపల మిగిలేది గట్టి వంశాలవాళ్ళు, స్టడీ చెప్పే ముసలితనం ఉన్నదానికంటే కొంచెం ఆరోగ్యంగా కనిపిస్తుంది. స్వీడన్ వాళ్ళు ఈ భయంతోనే ఆ 80 దాటిన కవలలను, ఒక్కరిగా పుట్టిన అదే వయసు వాళ్ళను పక్కపక్కన పెట్టి చూశారు, అనుకున్నంత తేడా కనిపించలేదు. ఆ ఊరట స్వీడన్‌కు సంబంధించింది, చావులు అంత తక్కువున్న చోట సంగతి.

ఇద్దరూ బతికుండటం ఒక తలుపే. ఇంకా ఉన్నాయి. అమెరికాలో నేషనల్ అకాడమీ వాళ్ళ కవలల రిజిస్ట్రీ ఉంది, చాలా పేపర్లకు అదే ఆధారం, అందులో ఉన్నవాళ్ళంతా 1917 నుంచి 1927 మధ్య పుట్టి ఇద్దరికిద్దరూ సైన్యంలో పనిచేసిన తెల్లజాతి మగవాళ్ళు. ఆడవాళ్ళు లేరు, నల్లజాతివాళ్ళు లేరు, సైన్యం మెడికల్ టెస్టులో ఫెయిలైనవాళ్ళు లేరు. ప్రకటన ఇచ్చి "కవలలు రండి" అని పిలిచిన చోట ఇంకో వంకర ఉంటుంది, వచ్చేవాళ్ళలో మూడింట రెండొంతులు ఆడవాళ్ళు, మూడింట రెండొంతులు అచ్చు ఒకేలా ఉండే కవలలు అని డేవిడ్ లికెన్ అనే అమెరికా పరిశోధకుడు 1987లోనే చెప్పాడు. లండన్‌లో 1992లో మొదలైన ట్విన్స్‌యూకే అనే కవలల స్టడీలో కూడా ఎక్కువమంది ఆడవాళ్ళే. పుట్టుకల పుస్తకం చూసి పిలిచిన స్టడీకీ, పేపర్లో ప్రకటన చూసి వాళ్ళంతట వాళ్ళు వచ్చిన స్టడీకీ నేను ఒకే విలువ ఇవ్వను, మీరూ ఇవ్వకండి.

చివరి తలుపు ఇంటి గుమ్మమే. మంచంలో ఉన్నవాళ్ళు, చెవులు వినపడనివాళ్ళు, మతి తప్పినవాళ్ళు రారు. ఇది కవలలకే కాదు, పెద్దవాళ్ళ మీద చేసే ప్రతి సర్వేకూ ఉన్న సమస్యే, కాకపోతే జంట కావాలన్నప్పుడు రెండింతలవుతుంది, ఒకరు మంచం పట్టినా రెండో వాళ్ళ లెక్కా పోతుంది. పిలిచినవాళ్ళలో ఎంతమంది వచ్చారో పేపర్లో రాసి ఉంటుంది, అది వెతకండి.

79 శాతం అంటే ఏంటి

అక్క దగ్గరికి వస్తా. ఆ మెసేజ్ వెనక ఉన్న స్టడీ నిజమైనదే, మంచిది కూడా. 2006లో వచ్చింది, స్వీడిష్ రిజిస్ట్రీలో 65 దాటిన 11,884 జంటలను తీసుకున్నారు, 392 జంటల్లో ఒకరికో ఇద్దరికో అల్జీమర్స్ ఉంది. లెక్క కట్టే పద్ధతిని బట్టి హెరిటబిలిటీ 58 నుంచి 79 శాతం దాకా వచ్చింది. మెసేజ్ రాసినవాళ్ళు కింది అంకె వదిలేసి పై అంకె పట్టుకున్నారు.

హెరిటబిలిటీ అంటే మీకు జబ్బు వచ్చే అవకాశం కాదు. ఆ జనంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో జీన్స్ వల్ల వచ్చిన వాటా. మనకు అలవాటైన చోట చూద్దాం. కేసీ కాలువ కింద ఒకే రైతు పది మడులకు ఒకే నీళ్ళు, ఒకే ఎరువు పెట్టి రకరకాల వడ్లు వేశాడు, దిగుబడి మడికో తీరుగా వచ్చింది. ఇక్కడ తేడా చాలా వరకు విత్తనానిదే, శాతం కడితే పెద్ద అంకే వస్తుంది. ఇప్పుడు మెట్టకు రండి. రకరకాల చెనిక్కాయ విత్తనం వేశారు, కొన్ని చేలకు ఊడలు దిగే టైముకు వాన పడింది, కొన్నింటికి పడలేదు. తేడా ఎక్కువ వానది, విత్తనం వాటా కట్టి చూస్తే చిన్న అంకే వస్తుంది. కాలువ కింద కట్టిన శాతాన్ని తెచ్చి మెట్ట చేనుకు పెట్టలేం. ఇంకో సంగతి, ఏ చోటి శాతమైనా ఫలానా మడిలో పంట పండుతుందా లేదా అన్నది చెప్పదు.

కాబట్టి అక్కకు 79 అవకాశం లేదు. తల్లికి ఉంటే పిల్లలకు ఎంతో కొంత రిస్క్ పెరుగుతుంది, అది నిజం, నేను దాచలేదు, కానీ అచ్చు ఒకే జీన్స్ ఉన్న జంటల్లో కూడా ఒకరికి వచ్చి ఇంకొకరికి రానివి ఉన్నాయి. బీపీ, షుగర్ చూపించుకోమని, చెవి సరిగా వినపడకపోతే మిషన్ పెట్టించుకోవడానికి సిగ్గుపడొద్దని చెప్పాను.

ఆయుష్షు అంకె సంగతీ ఇంతే. డెన్మార్క్‌లో 1870 నుంచి 1900 మధ్య పుట్టిన 2,872 జంటల మీద 1996లో వచ్చిన లెక్క ప్రకారం ఆయుష్షు తేడాలో జీన్స్ వాటా మగవాళ్ళలో 26 శాతం, ఆడవాళ్ళలో 23. "పాతిక శాతం జీన్స్" అని అందరూ చెప్పే మాటకు మూలాల్లో ఇదొకటి. 2018లో కోట్ల మంది వంశవృక్షాలు తీసుకుని ఇంకో పద్ధతిలో కడితే పది శాతం కూడా రాలేదు, పెళ్ళిళ్ళు తమలాంటివాళ్ళతోనే చేసుకోవడం వల్ల పాత అంకెలు ఉబ్బాయని వాళ్ళ వాదన. మేనరికాలు ఇంత ఎక్కువున్న మన వైపు ఆ లెక్క ఎట్లుంటుందో ఆలోచించండి, ఏ అంకెనూ ఉన్నదున్నట్టు ఎత్తుకురాలేం.

మన నేల, మన తరం

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఇది. కవలలా కాదా అన్నదానికంటే, ఏ దేశం, ఏ సంవత్సరాల పుట్టుక అన్నది పెద్ద తేడా. 1940లలో మన దేశంలో సగటు ఆయుష్షు ముప్పై రెండేళ్ళ చుట్టూ ఉండేది. మశూచి, కలరా, కరువు, ఇవన్నీ దాటుకుని వచ్చినవాళ్ళే ఇప్పుడు మన అరుగుల మీద కూర్చున్న అబ్బలూ జేజులూ. అనంతపురం జిల్లాలో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు బిగిసిపోయిన పెద్దవాళ్ళ నడుమునీ మోకాళ్ళనీ స్వీడన్ కవలల నడక టేబుల్‌తో పోలిస్తే ఏం అర్థమవుతుంది? వాళ్ళ నడక తేడాల్లో ఫ్లోరైడ్ అనే సంగతే లేదు.

మరి కొలత రకం ప్రశ్న అయితే, అంటే మన పెద్దవాళ్ళలో ఎంతమందికి ఏముంది అని తెలుసుకోవాలంటే, కవలల దగ్గరికి అసలు పోవద్దు. లాసీ అని ఉంది, లాంగిట్యూడినల్ ఏజింగ్ స్టడీ ఇన్ ఇండియా, ముంబైలోని ఐఐపీఎస్ వాళ్ళ ఆధ్వర్యంలో 2017-18లో మొదటి విడత జరిగింది, 45 దాటిన వాళ్ళూ వాళ్ళ భార్యాభర్తలూ కలిపి 72 వేల పైచిలుకు మంది, మన రాష్ట్రం కూడా ఉంది. ఇళ్ళు లెక్క ప్రకారం ఎంచుకుని గడప గడపకూ పోయి అడిగింది అది. కొలతకు లాసీ లాంటిది, కారణం వెతకడానికి కవలలు, అంతే.

ఇప్పుడు పేపర్ తెరవండి

మొదటి టేబుల్ దగ్గర ఆగండి, వయసు, ఆడ మగ, చదువు అక్కడే ఉంటాయి. ఇద్దరూ బతికున్న జంటలేనా, తోడు పోయినవాళ్ళనూ తీసుకున్నారా చూడండి. రిజిస్ట్రీయా ప్రకటనా చూడండి. పిలిచినవాళ్ళలో ఎంతమంది వచ్చారో, రానివాళ్ళ గురించి ఏమన్నా చెప్పారో చూడండి, నిజాయతీ ఉన్నవాళ్ళు ఇది దాచరు. ఒక్కరిగా పుట్టినవాళ్ళతో పోల్చారో లేదో చూడండి. ఏదన్నా లోపం దొరికితే "పనికిరాదు" అని మూసేయకండి, ఆ లోపం అంకెను ఎటు లాగుతుందో అడగండి. ఇద్దరూ బతికున్న జంటలే అయితే ఆరోగ్యం ఎక్కువగా కనిపిస్తుంది, అంటే బయట పరిస్థితి అంతకంటే కొంచెం గడ్డుగా ఉంటుందని తీసుకోండి. ఆడవాళ్ళే అయితే మగవాళ్ళ గురించి ఏమీ అనకండి.

ఆ సాయంత్రం అక్క గ్రూపులో పెట్టిన మెసేజ్ ఇది, నేనే రాసిచ్చాను, కావాలంటే మార్చుకుని వాడుకోండి: "ఈ స్టడీ నిజమే. స్వీడన్‌లో 65 దాటిన కవలల మీద చేశారు. కవలలు కాబట్టి తప్పు అనుకోనక్కర్లేదు. కానీ 58 నుంచి 79 అన్నది ఆ దేశంలో మనుషుల మధ్య తేడాకు సంబంధించిన అంకె, మనలో ఎవరికి జబ్బు వస్తుందో చెప్పే అంకె కాదు. అమ్మను చూసుకునేవాళ్ళు బీపీ, షుగర్ చెక్ చేయించుకోండి." బావగారు దాని కింద ఒక దండం పెట్టారు.

చివరగా ఒక పని చెప్తా, ఐదు నిమిషాలది. మన పెద్దవాళ్ళ తరానికి డెన్మార్క్‌లో లాగా చర్చి పుస్తకం లేదు, దేశమంతటికీ ఒకే జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో, మా జేజి లాంటివాళ్ళు కవలలని ఏ కాగితమూ చెప్పదు. శ్రీలంకలో 1997 నుంచి కవలల రిజిస్ట్రీ నడుస్తోంది, రేపు మన దగ్గరా ఎవరైనా అడగొచ్చు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో అమడ పిల్లలుగా పుట్టిన పెద్దవాళ్ళు ఉంటే, రెండో వాళ్ళు ఉన్నారా, పోతే ఏ వయసులో, దేనితో, ఇద్దరూ ఒకేలా ఉండేవాళ్ళా కాదా, ఇది అడిగి ఒక నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసి పెట్టండి. నేను జేజిని ఆ ఒక్క పేరే అడిగాను, మిగతావి అడగడానికి ఇప్పుడు ఆమె లేదు.